సర్వేయరు గారి విజిటింగ్ కార్డు

ఫిబ్రవరి 6

ఇది ఆఫీసు పుస్తకం. పొలాల కొలతలు రాసుకునే గళ్ల పుస్తకం. నేను పనిచేసిన సర్వేయరు చింగొలానీ పోయాక, ఆఫీసు ఖాళీ చేసిన రోజు ఆయన కూతురు "మీకు పనికొచ్చేవి తీసుకెళ్లండి సర్వేయరు గారూ" అంటే ఇలాంటివి నాలుగు తెచ్చుకున్నాను. మొదటి పేజీలో ఎవరిదో ద్రాక్షతోట కొలతలు సగం రాసి ఉన్నాయి. చేతిరాత నాదే. తోట ఎవరిదో గుర్తు లేదు.

ఇవాళ మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిడ లోరెదానా తేల్చి చెప్పేసింది.

"ముసలాయన పోయి రెండు నెలలైంది. ఇంకెన్నాళ్లు కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే కార్లు చూస్తావ్? సొంతంగా మొదలుపెట్టు. ముందు కార్డులు కొట్టించు."

"ఊరంతా నన్ను ఎరుగుదురు. కార్డులెందుకు?"

"ఊరు ఎరుగుతుంది సరే. భూకంపం తర్వాత ఇళ్లు బాగుచేయించుకోవాలని కొండ కింద నుంచి వస్తున్నారే, వాళ్లెరుగుదురా? కార్డు లేని సర్వేయరుని ఎవడు పిలుస్తాడు?"

కార్డు నేనే గీసుకుంటానన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసినవాడికి అరచేతిలో పట్టే కాగితం ఒక లెక్కా?

ఫిబ్రవరి 8

ఎనభై అయిదు మిల్లీమీటర్ల పొడవు, యాభై అయిదు వెడల్పు. పొద్దుటి నుంచి ఆరు నమూనాలు గీశాను. పేరు ఎడమ పక్కన, పేరు మధ్యలో, పేరు కింద గీతతో, గీత లేకుండా. ఫోను నంబరు ఎంత పెద్దగా ఉండాలో తెలియలేదు. చదివేవాళ్లలో సగం మంది కళ్లద్దాల వాళ్లే కదా అని పెంచాను. పెంచితే కసాయి కొట్టు బోర్డులా ఉంది. తగ్గించాను.

పేరు, ఫోను, చిరునామా కుదిరాయి. పేరు ముందు ఏం పెట్టాలో తర్వాత చూద్దాం.

ఫిబ్రవరి 9

"తర్వాత చూద్దాం" అని నిన్న ఎవరికి రాశాను? ఈ పుస్తకం నేను తప్ప ఇంకెవరూ తెరవరు. నన్ను నేనే మభ్యపెట్టుకోవడం ఇక్కడ కూడానా?

నేను సర్వేయరుని కాను.

రాసేశాను. చదివితే వేరే ఎవరి గురించో రాసినట్టుంది.

లైసెన్సు పరీక్షకి రెండుసార్లు మాచెరాతా వెళ్లాను. రాతలో గట్టెక్కి, రెండుసార్లూ నోటి పరీక్షలో పోయింది. ముగ్గురు పెద్దమనుషులు బల్ల వెనక కూర్చుని అడుగుతుంటే జవాబు తెలిసి కూడా నీళ్లు నమిలాను. రెండోసారి బస్సు దిగేసరికి లోరెదానా, వాళ్లమ్మ బస్టాండులో నిలబడి ఉన్నారు. వాళ్లమ్మ చేతిలో మిఠాయి పెట్టె. "పాసా?" అంది లోరెదానా. ఆ పెట్టె చూసి పాసన్నాను. అంతే జరిగింది. మరుసటి ఏడు రాసేస్తే అబద్ధం కాస్తా నిజమైపోతుంది కదా అనుకున్నాను. మరుసటి ఏడు ఏదో పని పడింది. ఆ మరుసటి ఏడు ఏం అడ్డొచ్చిందో గుర్తు కూడా లేదు.

చింగొలానీకి తెలుసు. "నువ్వు కొలువు, నువ్వు గీయి. సంతకం సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. నలుగురిలో నన్ను సర్వేయరని పిలవడం మొదట్లో ఆయనకి ఒక వేళాకోళం. తర్వాత అలవాటు. చివరికి ఆయన కూడా మరిచిపోయాడనుకుంటా. మా ఊళ్లో తోలు సంచి పట్టుకున్నవాడల్లా డాక్టరే, టేపు పట్టుకున్నవాడల్లా సర్వేయరే. ఇరవై ఏడేళ్లుగా లోరెదానా సర్వేయరమ్మ. రొట్టెల కొట్లో ఆమె లోపలికి రాగానే వరసలో ఉన్నవాళ్లు పక్కకి జరుగుతారు.

నోటితో అన్నదానికి అచ్చు లేదు. కార్డు మీద పడితే అచ్చే.

ఫిబ్రవరి 10

ఆరు నమూనాలూ లోరెదానా ముందు పరిచాను. కళ్లద్దాలు తెచ్చుకుని ఒక్కొక్కటే ఎత్తి చూసింది.

"సర్వేయరు ఏడీ?"

"ఎదురుగానే ఉన్నాడుగా" అన్నాను.

"కోతి వేషాలొద్దు. పేరు ముందు సర్వేయరు అని లేదు. మరిచిపోయావా ఏంటి? ఇంకో మాట, పేరు కంటే అది పెద్దగా ఉండాలి. బంగారు రంగులో అయితే ఇంకా బాగుంటుంది. పైన వృత్తలేఖిని బొమ్మ కూడా పెట్టు."

"బంగారు రంగు పెళ్లి శుభలేఖలకి పెడతారు."

"మా అమ్మ ఉండి ఉంటే బంగారందే అనేది."



ఫిబ్రవరి 13

వేరే ఏం పెట్టొచ్చో కాగితం మీద రాసుకున్నాను. కొలతలు. ప్లాన్లు. కొలతలు మరియు ప్లాన్లు. నక్షాల తయారీ. ఏదీ మనిషి కాదు, అన్నీ వస్తువులే. మనిషి కావాలంటే ఆ ఒక్క మాటే ఉంది, అది నాది కాదు.

తర్వాత ఒక పని చేశాను, సిగ్గులేకుండా రాస్తున్నాను. ఆ మాట పొడవు కొలిచాను. పది పాయింట్ల అక్షరాల్లో పదహారు మిల్లీమీటర్లు. ఆరు పాయింట్లకి తగ్గిస్తే తొమ్మిదిన్నర. నలుపులో కాకుండా బూడిద రంగులో పెడితే కంటికి ఆనదు. తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల బూడిద రంగు అబద్ధం. కాస్త ఊపిరి ఆడింది.

లోరెదానా వెనక నుంచి వచ్చి, "అదేంటి, చీమ తల అంత ఉంది?" అని కంప్యూటరులో తనే పెంచేసింది.

ఫిబ్రవరి 16

గ్వాల్తియేరో ప్రెస్సుకి వెళ్లాను. వాడు, నేను చిన్నప్పుడు ఒకే బెంచీ. ఫైలు తెరిచి, మూల మూలా పెద్దది చేసి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు.

"ఎమీదియో, చుట్టూ గీత ఎందుకు పెట్టావురా?"

"అందంగా ఉంటుందని. అంచు నుంచి సరిగ్గా రెండు మిల్లీమీటర్లు. నాలుగు పక్కలా."

"నువ్వు సరిగ్గానే పెట్టావు. నా కత్తి సరిగ్గా కొయ్యదు. అర మిల్లీమీటరు అటో ఇటో జరుగుతుంది. గీత ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. ఇక చూసినవాడు కొలతలు రాని సర్వేయరంటాడు."

గీత తీసేశాను. నాకు ప్రాణం పోయినట్టయింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో అర మిల్లీమీటరు తప్పినవాణ్ని కాను.

ఇంకా చాలా తప్పులు పట్టాడు. నీలం రంగు కంప్యూటరులో సముద్రంలా ఉంది, ప్రెస్సులో సిరా కలిస్తే వంకాయ రంగుకొస్తుందట. రంగు కాగితం అంచు దాకా రావాలంటే కోతకి చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా ఇవ్వాలట, అంటే కోసి పారేయడానికే గీయాలి. వృత్తలేఖిని బొమ్మ తెర మీద నున్నగా ఉంది గానీ అచ్చులో మెట్లు మెట్లుగా వస్తుందట, ఆ బొమ్మ ఇంటర్నెట్టులో దొరికింది కాబట్టి. అది కూడా తీసేశాం. లోరెదానాకి ఏం చెప్పాలో.

"రిజిస్టరు నంబరు ఏది?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏ నంబరు?"

"మీ వాళ్లందరూ పెడతారుగా, లైసెన్సు నంబరు."

"చోటు లేదు" అన్నాను.

వాడు కార్డు వంక చూశాడు. సగం ఖాళీగా ఉంది. "నీ ఇష్టం" అన్నాడు.

చివరికి కాగితం దగ్గరకొచ్చాం. లోరెదానా మెరిసే లామినేషన్ కావాలంది, అదే చెప్పాను. గ్వాల్తియేరో తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. పోయిన ఏడు లాయరు గారు అలాగే అద్దంలా మెరిసేవి కొట్టించుకుని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఎవడికైనా దగ్గరివాడికి ఇవ్వాలంటే పేరు ముందుది పెన్నుతో కొట్టేసి ఇవ్వాలి కదా. ఆ నున్నటి దాని మీద పెన్ను నిలవదు. సిరా జారి ఆయన చొక్కాకి అంటింది. నువ్వు గరుకు కాగితం తీసుకో. మూడొందల యాభై గ్రాములది, అట్టలా మందంగా ఉంటుంది. గీత శుభ్రంగా పడుతుంది."

తెలియని సంగతేం కాదు. చింగొలానీ కూడా అంతే చేసేవాడు. కొత్తవాడికి కార్డు ఉన్నదున్నట్టు ఇచ్చేవాడు. మనవాడనుకున్నవాడికి హోదా మీద ఒక గీత గీసి ఇచ్చేవాడు. నీ దగ్గర నాకు హోదా ఏంటి అని దాని అర్థం. ఊళ్లో పెద్దవాళ్లందరూ చేసే పనే. కానీ ఆ సంగతి నాకు అక్కరకొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఫిబ్రవరి 17

గరుకు కాగితమే. లోరెదానా ఎంత గోల చేసినా సరే.

అచ్చు వేయిస్తాను. ఇచ్చేటప్పుడు కొట్టేస్తాను. ప్రతి కార్డూ కొట్టేస్తాను. కొట్టేసినది ఇక లేనట్టే కదా? ఆవిడ మాటా నిలబడుతుంది, నేనూ అబద్ధం ఆడినట్టు కాదు. ఇంత తేలిక దారి ఉండగా పది రోజులు ఎందుకు కుమిలిపోయానో అర్థం కావడం లేదు.

మధ్యాహ్నం రెండు గ్లాసుల వైన్ తాగాను.

ఫిబ్రవరి 20

ప్రూఫు వచ్చింది. కింద ఒక గడి, పక్కన "చూశాను, అచ్చు వేయవచ్చు" అని ఉంది. సంతకం పెట్టాలట. పెట్టాక తప్పు ఏది బయటపడినా నాదే.

పెన్ను పట్టుకుని నిలబడిపోయాను. లెక్క వేసుకుంటే, నేను గీసిన వేల కాగితాల్లో ఒక్కదాని కిందా నా సంతకం లేదు.

"ఏంట్రా, ఆస్తి రాసిస్తున్నావా?" అన్నాడు గ్వాల్తియేరో.

పెట్టేశాను.  మూడోసారి గాని నా పేరు నా పేరులా రాలేదు.

ఫిబ్రవరి 27

రెండొందల యాభై. పెట్టె తెరిచి లోరెదానా ఏడ్చింది. వాసన చూసింది. ఒకటి వాళ్లమ్మ ఫోటో చట్రంలో దూర్చింది. ఇరవై కార్డులు తన సంచీలో వేసుకుంది.

అవి కొట్టేయనివి.

మార్చి 1

మొదటి కార్డు క్షురకుడు సెత్తిమియోకి. కుర్చీలో కూర్చునే, జేబులోంచి తీసి, వాడి కళ్ల ముందే సర్వేయరు మీద గీత కొట్టి ఇచ్చాను. ఇప్పుడు అడుగుతాడు, ఎందుకు కొట్టేశారని. అడిగితే చెప్పేద్దామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

వాడు కత్తెర పక్కన పెట్టాడు. కళ్లు చెమర్చాయి.

"నాకా సర్వేయరు గారూ? నా దగ్గర కొట్టేశారా? మీ అంతటివాళ్లు..."

వాటేసుకున్నాడు. నా మెడ చుట్టూ కట్టిన గుడ్డలోని వెంట్రుకలన్నీ వాడి చొక్కా మీద పడ్డాయి. డబ్బులు తీసుకోలేదు.

మార్చి 3

మందుల కొట్టాయనకి ఇచ్చాను. పోస్టు ఆవిడకి ఇచ్చాను. చీజు అమ్మే ఇద్దరు అన్నదమ్ములకి చెరొకటి. అన్నిటి మీదా గీత. నేను కొట్టేసిన కొద్దీ నా గౌరవం పెరుగుతోంది. కాఫీ కొట్లో ఎవడో లేచి కుర్చీ ఇచ్చాడు. "చదువుకున్నవాడంటే అలా ఉండాలి" అని నేను వినేలాగే అన్నాడు.

ఇదేంటో అర్థం కావడం లేదు. నిజం చెబుతుంటే దండలు వేస్తారేంటి?

మార్చి 5

తీరిగ్గా కూర్చుని, స్కేలు పెట్టి, పెట్టెలో ఉన్నవాటికి ముందే గీతలు కొడుతున్నాను. లోరెదానా చూసింది.

"అందరికీనా? ముక్కూ మొహం తెలియనివాళ్లకి కూడా కొట్టేసి ఇస్తే చులకనైపోతావ్. మర్యాదకైనా ఒక హద్దుండాలి."

మార్చి 9

పాల్మీరా గారు కబురు పెట్టింది. కింద వీధిలో రాతి ఇల్లు. రిటైరైన టీచరమ్మ. నాకు అయిదో తరగతిలో లెక్కలు చెప్పింది, ఇప్పుడు నన్ను మీరు అంటుంది. చేతిలో కార్డు. గీత లేనిది. లోరెదానా చర్చిలో ఇచ్చిందట.

వంటింటి గోడ. భూకంపం నాటి పగులే గాని, పోయిన నెల భూమి చిన్నగా ఊగినప్పటి నుంచి పెరిగిందంటుంది. కొలిచాను. కింద నాలుగు మిల్లీమీటర్లు, పైన పదకొండు. గుండు కట్టిన తూకపు దారం వేలాడదీసి చూశాను. గోడ బయటికి మూడు సెంటీమీటర్లు వాలింది. నమ్మకం కుదరక మళ్లీ వేశాను. మూడోసారి కూడా మూడే.

పగులుకి అడ్డంగా జిప్సం ముద్ద పెట్టి, దాని మీద ఇవాళ్టి తేదీ రాశాను. గోడ కదిలితే ముద్ద చీలుతుంది.

పైన ఆవిడ మరిది తుల్లియో ఉంటాడు. ఇల్లు ఆయన పేరు మీద ఉంది. ఆయన పడుకునే గది సరిగ్గా ఆ గోడ మీదే ఉంది. మెట్ల మీద నిలబడి అరిచాడు.

"భూకంపానికే పడనిది నువ్వు చూస్తే పడుతుందా?"

"చూడండి, మీ పేరులోనే ఎమీదియో స్వామి ఉన్నాడు, భూకంపాల నుంచి కాపాడేవాడు. మీరు చెబితే తుల్లియో వింటాడు" అంది పాల్మీరా గారు నెమ్మదిగా.

మార్చి 12

ముద్ద చీలింది. మూడు రోజుల్లో.

ఇల్లు ఖాళీ చేయండని చెప్పాను. తుల్లియో కదలడు. కాగితం కావాలట. సర్వేయరు సంతకం పెట్టిన కాగితం చూపిస్తే వెళ్లి చెల్లెలింట్లో ఉంటాడట.

"రాసిచ్చేయండి సర్వేయరు గారూ. రెండు ముక్కలేగా" అంది పాల్మీరా గారు. పెన్ను కూడా తెచ్చింది.

"నేను రాయకూడదు టీచరు గారూ."

"ఎందుకూ?"

చెప్పాను. ఆ వంటింట్లో, ఆ పగులు ఎదురుగా నిలబడి, ఇరవై ఏడేళ్లలో మొదటిసారి నోటితో అన్నాను. "నేను సర్వేయరుని కాను."

ఆవిడ నవ్వింది. నా చెయ్యి పట్టుకుంది.

"తెలుసు నాయనా, ఊరంతా చెప్పుకుంటున్నారు మీ వినయం గురించి. సెత్తిమియో అయితే కార్డు అద్దానికి తగిలించాడు. ఇప్పుడు వినయం వద్దు, సంతకం కావాలి."

"వినయం కాదు. నిజంగా కాను. పరీక్ష తప్పాను. రెండుసార్లు."

"ఎవరు తప్పలేదు గనక? మా తమ్ముడు డ్రైవింగు నాలుగుసార్లు తప్పాడు."

పైనుంచి తుల్లియో గొంతు. "విన్నావా వదినా? సంతకం పెట్టడానికి సాకులు వెతుకుతున్నాడు. అంటే ఏంటి? గోడకి ఏమీ కాలేదని. ప్రమాదమే ఉంటే సర్వేయరన్నవాడు ఎగిరి గంతేసి పెట్టడూ?"

 అతను చెప్పింది సబబుగానే ఉంది. నేను పెట్టని సంతకమే ఆ గోడకి యోగ్యతాపత్రం అయి కూర్చుంది.

మార్చి 13

మున్సిపాలిటీ ఇంజనీరుకి ఫోను చేశాను. జాబితాలో ముందు చాలా ఇళ్లున్నాయట, ఏప్రిల్ చివరికి వస్తారట. ఫైరు వాళ్లకి చేశాను. ఇంటి యజమాని మీరేనా అన్నారు. కాదన్నాను. మరి ఏ హోదాలో మాట్లాడుతున్నారని అడిగారు.

ఫోను పెట్టేశాను. పిరికివాణ్ని, పెట్టేశాను.

ఇంకెవరికైనా చెబుదామంటే లైసెన్సున్న వాళ్లెవరూ నాకు స్నేహితులు కారు. వాళ్ల దగ్గర నేనెప్పుడూ ఎక్కువసేపు నిలబడలేదు, ఏ సంవత్సరం పాసయ్యావు అని అడుగుతారని.

మార్చి 14

మొన్న పెట్టిన రెండో ముద్ద కూడా చీలింది. రెండు రోజుల్లో.

మార్చి 15

లోరెదానా వంటింట్లో కూరకి ఆర్టిచోకు మొగ్గలు ఒలుస్తోంది. కూర్చుని చెప్పాను. మొత్తం. మాచెరాతా, బల్ల వెనక ముగ్గురు, బస్టాండు, చింగొలానీ, కార్డు మీద గీతలు ఎందుకు కొట్టానో, గోడ, తుల్లియో. మధ్యలో ఆవిడ ఆపలేదు. ఒలవడం కూడా ఆపలేదు. ముళ్ల రేకులన్నీ పోయి, మొగ్గలో ఏమీ మిగల్లేదు, అయినా చాకు ఆడుతూనే ఉంది.

"మా అమ్మ ఆ మిఠాయిలు వీధంతా పంచింది" అంది చివరికి.

"తెలుసు."

"నీకేం తెలుసు? చచ్చేదాకా చెప్పుకుంది. ఆసుపత్రిలో నర్సులకి కూడా చెప్పింది, మా అల్లుడు సర్వేయరని."

తలొంచుకున్నాను.

"నన్ను సర్వేయరమ్మ అంటుంటే ఇరవై ఏడేళ్లు పలికాను ఎమీదియో. పిలవగానే తిరిగి చూశాను. నువ్వయితే తెలిసి ఊ కొట్టావు. నేను తెలియక కొట్టాను. ఇప్పుడు చెప్పు, నేనెవర్ని?"

 

చాకు కడిగింది. చేతులు తుడుచుకుంది. చర్చికి వేసుకునే కోటు వేసుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని బయటికి నడిచింది. పుట్టింటికి వెళుతుందనుకున్నాను, అక్కడ ఎవరూ లేరన్న సంగతి కూడా తోచలేదు. వెనకాల వెళ్లాను. పదడుగుల దూరంలోనే ఉన్నాను, దగ్గరికి వెళ్లే ధైర్యం చాల్లేదు. కింద వీధికి దిగింది. పాల్మీరా గారి ఇంటి ముందు ఆగి, తల పైకెత్తింది.

"తుల్లియో! బయటికి రా!"

కిటికీ తెరుచుకుంది. అటూ ఇటూ ఇంకో నాలుగు కిటికీలు తెరుచుకున్నాయి.

"ఏంటి సర్వేయరమ్మ గారూ?"

"నేను సర్వేయరమ్మని కాను. మా ఆయన సర్వేయరు కాదు. పరీక్ష తప్పాడు. రెండుసార్లు తప్పి, పాసయ్యానని నాకు చెప్పాడు. నేనూ ఇవాళ పొద్దున్నే తెలుసుకున్నాను."

 సెత్తిమియో కొట్లోంచి సగం గడ్డం గీసుకున్న మనిషితో సహా బయటికొచ్చాడు.

"అది కాదమ్మా..." అన్నాడు తుల్లియో.

"నేను చెప్పేది విను. మొన్న సంతకం పెట్టనన్నది గోడ బాగుందని కాదు. పెట్టే హక్కు లేదు కనక. ఆ ముక్క నాకు కూడా చెప్పకుండా ఇరవై ఏడేళ్లు కడుపులో పెట్టుకున్నాడు. ఇవాళ చెప్పాడు. నా మీద ప్రేమతో కాదు, నీ గోడని చూసి. అంత భయపడ్డాడు ఆ గోడని చూసి! మొగుడి గురించి ఏ ఆడదైనా నడివీధిలో నిలబడి ఇలాంటిది కల్పించి చెబుతుందా? ఇంకా పైనే ఉంటావా?"

 చేతులు కోటు జేబుల్లోనే ఉన్నాయి.

పాల్మీరా గారు గుమ్మంలోకి వచ్చింది. లోరెదానాని చూసింది, తర్వాత నన్ను చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో, ముందు వంటింట్లోకి వెళ్లి గ్యాసు కట్టేసింది. అరగంటలో తుల్లియో రెండు సంచులతో కిందికి దిగాడు. నా పక్కనుంచి వెళుతూ ఆగాడు. తిడతాడనుకున్నాను. సంచీ ఒకటి నా చేతికిచ్చాడు, మోయమని. మోశాను, వాళ్ల చెల్లెలింటి దాకా.

మార్చి 16

లోరెదానా మాట్లాడడం లేదు. వాళ్లమ్మ గదిలో పడుకుంటోంది.

మార్చి 18

సెత్తిమియో అద్దం మీద కార్డు లేదు. టేపు మరక ఉంది. నన్ను చూసి ఏమని పిలవాలో తెలియక "ఆఁ" అన్నాడు. మందుల కొట్టాయన బిగ్గరగా "శుభోదయం" అని మాత్రం అన్నాడు, తర్వాత మాట వెతుక్కుని దొరక్క ఆగిపోయాడు. కాఫీ కొట్లో కుర్చీ ఇచ్చినవాడు ఇవాళ కూర్చునే ఉన్నాడు. న్యాయంగానే ఉంది.

నా సంగతి సరే. రొట్టెల కొట్లో లోరెదానా కోసం ఎవరూ పక్కకి జరగలేదట. పోస్టు ఆవిడ చెప్పింది. తన వంతు వచ్చేదాకా నిలబడి, రొట్టె తీసుకుని వచ్చిందట.

మార్చి 22

గోడ నిలబడే ఉంది.

రోజూ వెళ్లి చూస్తున్నాను, వీధి అవతల నుంచి. తుల్లియో కూడా వచ్చి చూస్తున్నాడు. ఇద్దరం పక్కపక్కనే నిలబడతాం. "పడలేదు" అంటాడు. "పడలేదు" అంటాను. ఊళ్లో నవ్వులాట మొదలైంది. పరీక్ష తప్పినవాడు చెబితే ఇల్లు ఖాళీ చేశారట అని.

ఆ గోడ పడాలని కోరుకుంటున్నానా? ఇంటికొచ్చి ఇదే ఆలోచించాను. పడితే నా మాట నిజమవుతుంది. పడితే ఆ టీచరమ్మ వంటిల్లు పోతుంది. ఏది కోరుకుంటున్నానో తెలియడం లేదు. తెలియకపోవడమే నాకు భయంగా ఉంది.

మార్చి 27

ఇంజనీరు రాలేదు. గోడ అలాగే ఉంది. రెండోది చీలిన రోజు పెట్టిన మూడో ముద్ద, కిటికీలోంచి చూస్తే, చీలలేదు. దాని అర్థం ఏంటో నాకు తెలియదు.

మార్చి 30

ఇవాళ బల్ల మీద నా పళ్లెం కూడా పెట్టింది. మాట లేదు. వెన్నలా మెత్తగా ఉండే చౌస్కొలో సాసేజి పూసిన రొట్టె. నాకు ఇష్టమని పెట్టిందా, ఇంట్లో అదే ఉందా అని చాలాసేపు ఆలోచించాను.

ఏప్రిల్ 3

పొద్దున్న లోరెదానాతో కలిసి రొట్టెల కొట్టుకి వెళ్లాను. కలిసి అంటే, ఆవిడ ముందు, నేను వెనక. రమ్మనలేదు, వద్దనలేదు. వరసలో ఏడుగురున్నారు. నిలబడ్డాం.

మా వంతు వచ్చేసరికి కొట్టు నడిపే జెల్సోమీనా చేతులు నడుముకి పెట్టుకుంది. దాని నోటికి ఊరంతా జడుస్తుంది.

"ఏమ్మా లోరెదానా, అడుగుదామని ఇన్ని రోజుల నుంచి ఆగుతున్నా. మీ ఆయన సర్వేయరు కాదన్నావు. బాగానే ఉంది. మరి ఇంతకీ ఏంటి ఆయన?"

 చెవులు కాలిపోయాయి నాకు. తలుపు దగ్గరికి జరగబోయాను గాని వెనక ఉన్నవాళ్లు దారి ఇవ్వలేదు. లోరెదానా వీపు మాత్రమే కనిపిస్తోంది. 

"కొలుస్తాడు" అంది. "మా ఆయన కొలుస్తాడు. బాగా కొలుస్తాడు. నీకేమైనా కొలవాలా?"

జెల్సోమీనా నా వంక చూసింది. తర్వాత వెనక ఉన్న పాత అరల వంక చూసింది.

"ఈ అరలు మార్చాలి. వడ్రంగి రెండుసార్లు తప్పు కొలిచాడు."

"అయితే రేపు వస్తాడు" అంది లోరెదానా. నా వైపు తిరిగింది. పందొమ్మిది రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట ఇది. "ఎమీదియో, ఎనిమిదింటికి రాగలవా?"

రాగలనన్నాను.